సంఘమును, కళాశాలయు

క్రైస్తవ కళాశాలపై క్రైస్తవ సంఘమునకు ఎంతవరకు అధికార ముండవలెను? ఈ మాట వినినంతనే చదువరులలో కొందరు, ఇది క్రైస్తవుల యింటి తగవు, మనకేల యని పుట త్రిప్పవచ్చును. త్రిప్పవలదని కోరుచున్నాము. మిషను బడిలోనో మిషను కళాశాలలోనో చదివినవాడు ఒక్కడైనను లేని విద్యావంతుల వంశములు మన కోస్తా జిల్లాలలో అరుదు. అంతియ గాక, దేవస్థానముల సొమ్ముతో నడుచు కళాశాలలు, కులసంఘములు కట్టిన కళాశాలలు, దాతల పేర వెలసిన కళాశాలలు మనకు ఎన్ని లేవు? కట్టినవాని మాట ఎంత, బోధించువాని మాట ఎంత, చదువవచ్చిన బిడ్డ మాట ఎంత యను చిక్కు వాని కన్నిటికిని ఉన్నదే. మేము మాకు తెలిసిన యింటి సంగతి మాటలాడుచున్నాము, అంతే.

మేము పలనాటి క్రైస్తవ కుటుంబమున పుట్టినవారము. మా తాతగారు గురజాల దాపున నొక పల్లెలో మిషను బడిపంతులు. వారమున ఆరు దినములు అది బడి, ఏడవ దినమున అదియే గుడి, పంతులే బోధకుడు. కావున ఈ విషయమున మేము తటస్థులమని చెప్పుకొనము. అయినను సొంతయింటి దూలమునకు చెద పట్టినపుడు చూచి చెప్పవలసినవారు ఆ యింటిలోనివారే కదా.

ఈ కథలో పలనాటికి తొలిపుటయందే చోటు గలదు. అమెరికా లూథరనుల పక్షమున వచ్చిన హయ్యరు దొర 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరెను. ఆనాటి కలెక్టరు హెన్రీ స్టోక్సు ఆయనకు అండగా నిలిచెను. 1849లో హయ్యరు గురజాలకు మకాము మార్చెను. జొన్నచేలు, నాపరాళ్ళు, నిలువ నీడలేని వేసవి. నాటి పలనాడు అట్టిది. ఆయన జర్మనీలో పుట్టి, అమెరికాలో బోధకుడై, ఏబదియేండ్లు దాటిన పిమ్మట వైద్యముకూడ నేర్చినవాడు. ఆయన త్రోవను వచ్చిన మిషను మాట వినినవారు ముఖ్యముగా మాల మాదిగ పల్లెలవారు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించినాడని కారెంపూడిలో నేటికిని పాడుకొందుము. అట్టి సీమలోనే ఆ పల్లెల బిడ్డకు బడి అరుగుపై చోటు దొరకుటకు మరి యేడువందల యేండ్లు పట్టెను. దీనిని గూర్చి పలనాటివారము గర్వపడవలసిన దేమియు లేదు.

పల్లెబడి దాటిన పిల్లవానికి గుంటూరే దిక్కు. లూథరను మిషనువారు అచ్చట 1885లో కళాశాల పెట్టిరి. అదియే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల, ఏ.సి. కాలేజి యని లోకము పిలుచునది. నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల 1950లో వెలయువరకు పలనాటి పిల్లవాడు పట్టభద్రుడు కాదలచిన సీమ దాటి పోవలసినదే. మా తండ్రిగారు గుంటూరు పోయినది ఒక రేకుపెట్టెతో, వారము దినములకు సరిపడు జొన్నరొట్టెలతో. కమ్మవారి పిల్లవాడు, బ్రాహ్మణుల పిల్లవాడు, మాదిగపల్లె పిల్లవాడు ఒక్క బల్లపై కూర్చుండుట తనకు అచ్చట దొరకిన మొదటి పాఠమనియు, షేక్స్పియరు రెండవదనియు ఆయన చెప్పెడివారు. మిషనులన్నియు ఇదే త్రోవ నడిచినవని యనుకొనరాదు. బందరులో నోబుల్ దొర 1843లో ప్రారంభించిన పాఠశాల పైకులములవారి బిడ్డల నుద్దేశించినది. పైవారు మారినయెడల క్రిందివారు తామే మారుదురని ఆయన తలంపు. ఎవరికొరకు కట్టితిమి అను ప్రశ్న మిషనువారినే రెండు త్రోవల నడిపినదని చెప్పుటకు ఈ మాట యెత్తితిమి. దీనితో మరల పని యుండును.

ఆ దినములలో కళాశాలపై తుదిమాట సముద్రముల కావలి మిషను బోర్డుది. కానుకల సొమ్ము అచ్చటినుండి వచ్చెడిది, ప్రధానాచార్యుడును అచ్చటినుండియే వచ్చెడివాడు. ఈ పద్ధతిలో దోషములు కొల్లలు. దొర జీతమునకును దేశీయుడైన ఉపన్యాసకుని జీతమునకును సామ్యము లేదు. ఎంత చదివినను తెలుగువాడు ద్వితీయుడే. ఇది తెలుగుదేశమున మాత్రమే యుండిన రోగము కాదు. ఢిల్లీలో 1881లో నెలకొన్న సెయింట్ స్టీఫెన్సు కళాశాలకు 1906లో ప్రధానాచార్యుడు కావలసివచ్చినపుడు ఆంగ్లేయునే కూర్చుండబెట్టవలెనని పెద్దలలో పలువురి యూహ. అచ్చటి ఉపాధ్యాయుడగు సి.ఎఫ్. ఆండ్రూసు, సుశీలకుమార రుద్రయే తగినవాడని పట్టుపట్టి, ఆయన క్రింద తాను పనిచేసెను. ఒక ఆంగ్లేయుడు భారతీయుని చేతిక్రింద ఇష్టపూర్వకముగా పనిచేయుట ఆ కాలమున చిన్న సంగతి కాదు. రుద్ర 1923 వరకు ఆ పదవియందుండెను. కళాశాలకు కీడు కలుగలేదు సరికదా, పేరు పెరిగెను.

తరువాత 1930-31లో ఆక్సుఫర్డునందలి బేలియలు కళాశాలాధ్యక్షుడు ఏ.డి. లిండ్సే నాయకత్వమున ఒక కమీషను వచ్చి మన దేశపు క్రైస్తవ కళాశాలలను పరీక్షించెను. పరిపాలన దూరదేశపు బోర్డుల చేతినుండి ఈ దేశమునందలి పాలకమండలుల చేతికి రావలెనని వారు చెప్పిరి. మంచిమాట. అప్పటికే, 1927లో, మా ప్రాంతపు లూథరను సంఘములన్నియు కలిసి ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరను సంఘముగా ఏర్పడియుండెను. దేశము స్వతంత్రమయ్యెను, దొరలు క్రమముగా వెడలిపోయిరి. బళ్ళు, ఆసుపత్రులు, కళాశాల, వాని భూములు సంఘమునకు సంక్రమించినవి. మిషను కూర్చున్న పీటపై సంఘము కూర్చుండెను. ఇంతకన్న న్యాయమేమి యని అందరు సంతసించిరి, సంతసింపదగినదే.

అయితే ఒక్క సంగతి ఎవరును తడవినట్లు లేదు. భారతీయుల చేతికి వచ్చుట వేరు, సంఘ కార్యవర్గము చేతికి వచ్చుట వేరు. మిషను ఎవరి ఓట్లచేతను ఏర్పడినది కాదు. అది దానిలోని అన్యాయము. సంఘపు పెద్దలు ఓట్లచేత వచ్చుచున్నారు. అది వారి బలము. కళాశాల విషయమున అదియే చిక్కు. ఓట్లున్నచోట పక్షములుండును. పక్షమునకు అనుచరులు కావలెను. అనుచరులకు ఏదైన నీయవలెను. పల్లెసంఘములలో ఈయదగిన దేమున్నది? బోధకుని జీతము పట్టణపు అద్దెకు చాలదు. నెలనెల జీతము వచ్చు ఉద్యోగములు, అద్దెలు వచ్చు కొట్లు, ఊరినడుమ విలువ పెరిగిన స్థలములు, చేర్చుకొనుటకు సీట్లు ఇవన్నియు ఒక్కచోట నుండునది కళాశాలయందే. పేద అన్నదమ్ముల యింట ఒక్క పాడియావు ఉన్నయెడల పంపకపు తగవంతయు దాని పలుపు చుట్టునే తిరుగును. వారు చెడ్డవారగుటచేత కాదు, వేరొక ఆవు లేకుండుటచేత. సంఘపు పెద్దల నీతిని గూర్చి ఉపన్యాసములిచ్చు పట్టణపు మిత్రులు ఈ మాట మరచుచున్నారు. ఆ పెద్దలలో గుణవంతులను మేమెరుగుదుము. గుణవంతుడు సయితము తన్ను గెలిపించిన పదిమందికి ముఖము చూపవలెను గదా.

మన తెలుగు సంఘములలో ఎన్నికల వ్యాజ్యములు కోర్టుల కెక్కుట అందరెరిగిన విషయమే. ఆ వ్యాజ్యము పల్లెలోని పిల్లను ఎట్లు తాకునో కొందరికే తెలియును. కొన్నియేండ్ల క్రిందట మా పల్లెలో ఒక కూలివాని కుమార్తె ఇంటర్మీడియటు మంచి మార్కులతో ముగించినది. ఒక క్రైస్తవ కళాశాలలో, పేరు చెప్పము, ఊరును చెప్పము, సంఘపు బిడ్డలకు కేటాయించిన సీట్లలో ఒకదానికి దరఖాస్తు పెట్టినది. సంఘసభ్యత్వపు పత్రము తెమ్మనిరి. మా అయ్యగారు వ్రాసి, సంతకము చేసి, ముద్రవేసి యిచ్చిరి. కిటికీవద్ద గుమాస్తా దానిని అటునిటు త్రిప్పి చూచి, "ఈ అయ్యగారు ఎవరి తట్టు?" అని యడిగెను. పిల్లకు తెలియదు. తండ్రికి తెలియదు. ఆ యేడు సంఘమునకు రెండు కార్యవర్గములు, రెండు ముద్రలు ఉండెను. మా అయ్యగారిని నియమించినది కోర్టులో ఓడిన పక్షమట. రెండవమారు వారివెంట మేమును పోయితిమి. "మా తాత పేరు బాప్తిస్మం పుస్తకంలో ఉందయ్యా, తీసి చూడండి" అని తండ్రి బ్రతిమాలెను. గుమాస్తా కఠినుడు కాడు. "అది కాదు పెద్దాయనా, కొత్త ముద్ర కావాలి. నా చేతిలో ఏముంది?" అనెను. నిజమే, అతని చేతిలో ఏమియు లేదు. అవి మిరపకోతల దినములు. ముమ్మారు తిరుగుటతో మూడు దినముల కూలి పోయెను. క్రొత్త ముద్ర దొరకులోపల గడువు ముగిసెను. ఆ పిల్ల ప్రభుత్వ కళాశాలలో చేరి చదువుకొన్నది. ఆమె చదువు ఆగలేదు. కాని ఆమె ముత్తాత పేరున్న పుస్తకముకన్న నిరుటి యెన్నిక ముద్ర గొప్పదైనచోట, ఆ కళాశాల సంఘమునది యనవలెనా, గెలిచిన పక్షమునది యనవలెనా?

అట్లయిన సంఘమును పూర్తిగా తొలగించి కళాశాలను స్వతంత్రము చేయుడు, విద్యకు మతముతో పనియేమి యని కొందరు సంస్కారప్రియులు వెంటనే అందురు. వారి పక్షమున గొప్ప సాక్ష్యమే యున్నది. 1862లో మద్రాసు వచ్చిన విలియం మిల్లరు దొర క్రైస్తవ కళాశాలను 1877 నాటికి పలు మిషనుల ఉమ్మడి సంస్థగా పెంచెను. ఎందరికి బాప్తిస్మ మిచ్చితిరని స్వదేశమునుండి అడుగువా రుండగా, విద్య దేశపు మనస్సును పులియబెట్టు పిండివంటిదను తన నమ్మకమును ఆయన విడువలేదు. ఆయన కళాశాలలో చదివిన రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు క్రైస్తవులు కాలేదు, బ్రహ్మసమాజికులైరి. వారే కాకినాడ పిఠాపురపు రాజావారి కళాశాలకు అధ్యక్షులై, అంటరానివారనిపించుకొన్న కులముల బిడ్డలకును, బాలికలకును తలుపు తెరచిరి. బాప్తిస్మపు పుస్తకములో ఈ ఫలము ఏ గడిలోను వ్రాయుటకు వీలులేదు. ఆనాడు మిల్లరు లెక్క చెప్పుచు కూర్చుండియున్నయెడల ఇట్టి శిష్యుడు తయారగునా?

ఇంతవరకు మేమును వారితోనే యున్నాము. కాని స్వతంత్రమైన కళాశాల మా పల్లెను గుర్తుంచుకొనునా యను భయము మమ్ము విడువకున్నది. ఈ భయమునకు కారణము చట్టములో నున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము మాల మాదిగలలో హిందువులై యున్నవారే షెడ్యూల్డు కులములవారు. పిమ్మట 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హక్కు కలిగెను. క్రైస్తవుడైన మాలకు మాదిగకు నేటికిని లేదు. ఆంధ్రప్రదేశమున షెడ్యూల్డు కులములకు నూటికి 15 వంతులు కేటాయింపగా, క్రైస్తవులైన వారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమున చేర్చి నూటికి 1 వంతు ఇచ్చిరి. అదే వాడ, అదే కూలి, అదే బావి. ఆదివారము గుడికి పోవుటవలన పదునాలుగు వంతులు తరిగినవి. ఇట్టివారికి క్రైస్తవ కళాశాలలోని సంఘపు సీటు భిక్ష కాదు, మిగిలిన యొకే యొక కిటికీ. ఆ కిటికీ రాజ్యాంగపు 30వ అధికరణముమీద ఆధారపడి యున్నది. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించుకొని నిర్వహించుకొను హక్కు అది. నిర్వహణ క్రైస్తవుల చేతినుండి పోయినచో ఆ హక్కును పోవును.

పేరున్నంత మాత్రమునను హక్కు నిలువదు. 1986లో మన రాష్ట్రపు వ్యాజ్యములోనే ఇది తేలినది. ఆంధ్రప్రదేశ్ క్రిస్టియన్స్ మెడికల్ ఎడ్యుకేషనల్ సొసైటీ యను సంస్థ అల్పసంఖ్యాకుల హక్కు చెప్పి వైద్యకళాశాల పెట్టబోగా, క్రైస్తవ నామము తప్ప క్రైస్తవులకై యేర్పడిన లక్షణము దానిలో నేమియు కనబడలేదని సుప్రీముకోర్టు త్రోసివేసెను. తీర్పు వ్రాసినవారు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు. ఎవరికొరకు కట్టితిరి అని కోర్టువా రడిగిన ప్రశ్నయు, బందరు గుంటూరు మిషనులను వేరుచేసిన ప్రశ్నయు ఒకటే.

ఇక మా యభిప్రాయము. సంఘమును తోలివేయుటయు వలదు, కళాశాలను గెలిచిన పక్షమునకు అప్పగించుటయు వలదు. 30వ అధికరణమును జాగ్రత్తగ చదువుడు. ఆ హక్కును రాజ్యాంగము అల్పసంఖ్యాకుల కిచ్చినది. బిషప్పునకో, కార్యదర్శికో, కోశాధికారికో పేరుపెట్టి యీయలేదు. క్రైస్తవులు నిర్వహించుట యనగా సంఘాధికారులే నిర్వహించుట యని అర్థము కాదు. భూమి, దస్తావేజులు, సంఘపు బిడ్డల సీట్లు సంఘము కాపాడవలసినవి. వానిని అమ్ముటకు ఎవరికిని అధికార ముండరాదు, సంఘమునకును ఉండరాదు. నియామకములు, చేర్పులు, దినదిన పరిపాలన మాత్రము ఎన్నికలలో నిలువని క్రైస్తవుల మండలి చేయవలెను. ఆ కళాశాలలో చదివి పైకి వచ్చినవారు, అచ్చట బోధించి విశ్రాంతి తీసికొన్నవారు, పల్లెసంఘముల స్త్రీలు అందులో నుండవలెను. ఒకమారు కూర్చున్నవారిని సంఘములో పక్షము మారినంతనే దింపుటకు వీలుండరాదు. ఢిల్లీ కళాశాలలో సర్వోన్నత మండలికి బిషప్పే అధ్యక్షుడు కదా, అచ్చట నడుచుటలేదా యని అడుగవచ్చును. అచ్చటను బిషప్పునకు ప్రధానాచార్యునకు నడుమ తగవులు పత్రికల కెక్కినవే.

1974లో సెయింట్ జేవియర్సు కళాశాల వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తుల పీఠము తీర్పు చెప్పుచు, పాలకమండలిలో ఫలానివారిని చేర్చుకొనుడని గుజరాతు ప్రభుత్వము చేసిన విధి అల్పసంఖ్యాకుల కళాశాలలకు వర్తింపదనెను. ఈ తీర్పును మా పెద్దలు డాలువలె ఎత్తి పట్టుకొందురు. డాలు బయటివాని కత్తికి. ప్రభుత్వము మనచేత బలవంతముగ చేయింపరాదని కోర్టు చెప్పినదే గాని, మనంతట మనము మండలిని సంస్కరించుకొనరాదని చెప్పలేదు.

సొమ్ము సంగతి చెప్పక విడుచుట ధర్మము కాదు. ఎయిడెడు కళాశాలలలో జీతములు ఖజానానుండి వచ్చుచుండగా నియామకమున యాజమాన్యపు మాట చెల్లుచుండెను. తగవులకు అదియు నొక యెరువు. పదవీవిరమణ చేసినవారి స్థానములు నిండక ఆ ఉద్యోగములు ఏటేట తరుగుచు వచ్చినవి. 2021లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఎయిడెడు సిబ్బందిని, సంస్థలను తనలో చేర్చుకొను ఏర్పాటు తలపెట్టెను. తల్లిదండ్రులు, విద్యార్థులు వీధులకెక్కగా, ఎవరిని బలవంతపెట్టుట లేదని ఆ సంవత్సరము చివరకు చెప్పవలసివచ్చెను. ఆ కొన్ని మాసములలో పాత సంస్థల ఆస్తిపాస్తులను గూర్చి పుట్టిన యాతృత, వాని పాఠములను గూర్చి పుట్టియుండిన ఎంత బాగుండెడిది! ఉపన్యాసకుని జీతము రుసుములనుండియే తీయవలసివచ్చిన నాడు, రుసుము కట్టలేని పల్లెబిడ్డ సీటు కాగితముమీదనే యుండును. అప్పుడు సంఘము చేయదగిన పని నిజముగా నున్నది: ఆ బిడ్డ రుసుము కట్టుట. దానికి ముద్ర అక్కరలేదు.

మా పల్లెసంఘములో స్త్రీలు వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు వేరుచేసి, ఆదివారము గుడికి తెచ్చి గంపలో పోయుదురు. తాతగారి కాలమునుండి వచ్చుచున్న ఆచారము. ఆ బియ్యము అమ్మిన సొమ్ము లెక్క, చేటలో మెరిక యెంచినట్లు, అయ్యగారు ప్రతి సంవత్సరము గుడిలో చదువుదురు. ఇన్ని కుంచములు, ఇన్ని రూపాయలు, దీపపునూనె కింత, పైసంఘమునకు పంపిన దింత. నిరుడు లెక్క ముగిసిన పిమ్మట ఒక వృద్ధురాలు లేచి, "పైకి పోయినదాని లెక్క కూడా ఇట్టాగే చదువుతారా అయ్యగారూ?" అని యడిగినది. చదివించుడని పెద్దలందరు కలిసి ఒక అర్జీ వ్రాసి, కళాశాల ఆదాయవ్యయములను, పాలకమండలి సభ్యుల పేర్లను ప్రతి పల్లెసంఘమునకు ఏటేట పంపవలెనని కోరిరి. అర్జీ వ్రాసిన చేయి మాది. వ్రేలిముద్రలు ఇరువదిమూడు, సంతకములు నలువది. ఏ కార్యవర్గమునకు పంపవలెనను చర్చ వచ్చినపుడు ఆ వృద్ధురాలే, రెంటికిని పంపుడనినది. రెండు ప్రతులును రిజిస్టరు తపాలాలో పోయినవి.